మోడల్ తప్పా, థర్మామీటరు తప్పా

(మా ఊరి గ్రంథాలయంలో నెలనెలా జరిగే విజ్ఞాన సభలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది. మాట తడబడిన ఒకటి రెండు చోట్ల మాత్రమే సరిదిద్దాం.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు పరిచయంలో నన్ను వాతావరణ శాస్త్రవేత్త అన్నారు. ఆ చొక్కా నాకు చాలా వదులు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళు ఒక వాతావరణ కేంద్రంలో థర్మామీటర్లు చదివాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. ఇవాళ్టి విషయానికి ఆ ముప్పై ఏళ్ళకన్నా ఈ మూడేళ్ళే ఎక్కువ పనికొస్తాయి.

పోయిన నెల సభ అయ్యాక మిత్రులొకరు ఫోనులో ఒక గ్రాఫు చూపించారు. పైన ఎర్రగీతల గుత్తి, అవన్నీ కంప్యూటర్ మోడళ్ళు చెప్పిన ఉష్ణోగ్రతలు. కింద, వాటికి అందకుండా, నిజంగా కొలిచింది. ‘‘చూశారా మాస్టారూ, వీళ్ళ లెక్కలన్నీ తప్పేనట!’’ అన్నారు. ఆయన ఇవాళ కూడా వచ్చారు, మూడో వరుసలో కూర్చున్నారు. (నవ్వులు) ఆ గ్రాఫు సంగతి తప్పకుండా చెబుతాను. దొంగ గ్రాఫు మాత్రం కాదది. కాకపోతే ఆ గ్రాఫుకి ఏ ప్రశ్న వేస్తే ఆ జవాబు వచ్చిందో తెలియాలి, దానికి కొంచెం చుట్టు తిరిగి వెళ్ళాలి.

మనందరికీ ఒక నమ్మకం ఉంటుంది. మోడల్ అంటే ఊహ, థర్మామీటరు అంటే నిజం. రెండూ కలవకపోతే తప్పు మోడల్‌దే. నేను థర్మామీటరు చదివినవాణ్ణి కాబట్టి నాకు ఆ నమ్మకం లేదు.

కొలత ఎలా జరుగుతుందో చెబుతాను. నాలుగు కాళ్ళ మీద, మనిషి ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఉంటుంది. స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. దానికి గోడల బదులు వాలుగా బిగించిన చెక్క రెక్కలు. గాలి ఆడాలి, ఎండ పడకూడదు. తలుపు ఉత్తరం వైపుకి, తెరిచినప్పుడు కూడా ఎండ లోపలికి తొంగి చూడకుండా. లోపల గరిష్ఠ థర్మామీటరు పడుకుని ఉంటుంది. జ్వరం చూసే పాతకాలపు థర్మామీటరు లాంటిదే. గొట్టంలో ఒకచోట సన్నని నొక్కు ఉంటుంది, పైకెక్కిన పాదరసం తనంత తాను కిందికి రాదు. చదివి, రాసుకుని, చేత్తో విదిలించి దించాలి. తలుపు తీశాక తాత్సారం కుదరదు. మన ఊపిరి తగిలినా పాదరసం కదులుతుంది. అందుకే ముందు డిగ్రీలో పదోవంతులు చదవాలి, తర్వాత పూర్తి డిగ్రీలు. మాకు నేర్పిన వరుస అది.

ఒక మే నెల. గరిష్ఠం 43 దాటింది. చదివాను, రాశాను. అంతలో ఎవరో పిలిస్తే తలుపు వేసి వెళ్ళిపోయాను, విదిలించడం మరిచాను. మర్నాడు పొద్దున్నుంచీ మబ్బు, మధ్యాహ్నం గాలివాన. సాయంత్రం పెట్టె తెరిస్తే పాదరసం నిన్నటి చోటే ఉంది. ఒళ్ళంతా తడిసి వణుకుతూ రిజిస్టరులో 43 అని ఎక్కించాను! బుర్ర అనేది వాడలేదు. పదిరోజులకు పై ఆఫీసు నుంచి శ్రీముఖం వచ్చింది. ‘చుట్టుపక్కల కేంద్రాలన్నిటా ఆ రోజు పది డిగ్రీలు పడిపోతే మీ ఊళ్ళో మాత్రం ఎందుకు పడలేదో వివరించవలసింది’ అని. వివరించడానికి ఏముంది, ఒప్పుకున్నాను. (నవ్వులు)

ఇప్పుడు ప్రపంచ ఉష్ణోగ్రత రికార్డులు తయారుచేసేవాళ్ళు చేస్తున్నది కూడా, పెద్ద ఎత్తున, ఆ ఉత్తరం రాసిన ఆఫీసరు చేసిన పనే. ఒక కేంద్రం ఉన్నట్టుండి ఇరుగుపొరుగుతో తేడాగా పలికితే ఏదో జరిగిందన్నమాట. పెట్టెను కొత్త చోటికి మార్చి ఉండవచ్చు, పక్కన మేడ లేచి ఉండవచ్చు, చదివే వేళ మారి ఉండవచ్చు. దాన్ని పసిగట్టి సరిచేస్తారు. ‘సవరణ’ అన్నారంటే అంకెలను వంటింట్లో వండేశారని కొందరి అనుమానం. అలా అనుమానించేవారు సముద్రం సంగతి వినాలి.

భూమి మీద నూటికి డెబ్భై పాళ్ళు సముద్రమే. దాని ఉష్ణోగ్రతను పూర్వం ఎలా కొలిచేవారంటే, ఓడ మీది నావికుడు తాడు కట్టిన బకెట్టు నీళ్ళలోకి వేసి, పైకి లాగి, అందులో థర్మామీటరు ముంచేవాడు. మొదట్లో చెక్క బకెట్టు, తర్వాత తర్వాత గుడ్డతో కుట్టిన బకెట్టు. గుడ్డ బకెట్టు అంటే మన మట్టికుండకు చుట్టం. తడి గుడ్డకు గాలి తగిలి, నీరు ఆవిరై, లోపలి నీళ్ళు చల్లబడతాయి. పైకి లాగి చదివేలోపే సముద్రం ఉన్నదానికన్నా చల్లగా పలుకుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటికి చాలా ఓడలు ఇంజను చల్లబరచడానికి లోపలికి తోడుకునే నీటిని కొలవడం మొదలుపెట్టాయి. ఆ నీరు ఇంజను గది వేడికి కాస్త వెచ్చబడి ఉంటుంది. ఇటీవలి కాలంలో నీళ్ళ మీద తేలే బోయాలు వచ్చాయి, అవి ఓడలకన్నా సుమారు 0.12 డిగ్రీలు తక్కువ చూపిస్తాయి. సముద్రం ఒకటే, కొలిచే చేతులు మూడు.

కుండలాంటి బకెట్టు చల్లబరిచిన పాత అంకెలను సవరిస్తే గతం ఏమవుతుంది? వెచ్చనవుతుంది. గతం వెచ్చనైతే అప్పటినుంచి ఇప్పటిదాకా పెరుగుదల తగ్గుతుంది. నేల మీది సవరణలు కొంత పెంచుతాయి, నిజమే. మొత్తం భూగోళానికి కలిపి చూస్తే మాత్రం సవరణల వల్ల గత శతాబ్దపు వేడిమి పెరుగుదల తగ్గింది! మోసం చెయ్యదలచుకున్నవాడు ఇలా చెయ్యడు.

నగరాల మాట కూడా అంటారు. బేగంపేట వాతావరణ కేంద్రం చుట్టూ హైదరాబాదు ఎంత పెరిగిందో మనకు తెలియనిదా. కాంక్రీటు మధ్య థర్మామీటరు పెట్టి లోకం వేడెక్కిందంటే ఎలా అని. సరైన ప్రశ్నే. అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఇదే అనుమానం వచ్చింది. ఊరికే అనుమానించి కూర్చోక, బర్కిలీ ఎర్త్ అనే బృందాన్ని కూర్చి, రికార్డు మొత్తం మొదటినుంచి తానే మళ్ళీ కట్టాడు. నగరాలకు దూరంగా ఉన్న కేంద్రాలను విడిగా తీసి చూశాడు. వచ్చిన గీత పాత గీత మీదే కూర్చుంది. 2012లో తన అభిప్రాయం మారిందని పత్రికలో తానే రాశాడు. అలాంటి మనిషిని చూస్తే నాకు గౌరవం.

ఇక మోడల్. చాలామంది అనుకునేదేమిటంటే, గడిచిన వందేళ్ళ ఉష్ణోగ్రతల గీతను పట్టుకుని ముందుకు సాగదీస్తారని. అలా కాదు. భూగోళాన్ని సుమారు వంద కిలోమీటర్ల గళ్ళుగా కోసి, పైకి పొరలు పొరలుగా పేర్చి, ఒక్కో గడిలో గాలి కదలిక, వేడి, తేమ, సూర్యకాంతి రాకపోకలు భౌతిక సూత్రాలతో లెక్కగట్టుకుంటూ పోతారు. చిక్కల్లా మబ్బులతోనే. వంద కిలోమీటర్ల గడిలో ఒక్క మబ్బు ముక్క ఎక్కడ ఇముడుతుంది? వాటికి అంచనా సూత్రాలు పెడతారు, ఆ సూత్రాల్లో కొన్ని మరలు ఉంటాయి, వాటిని బిగించడం, వదులు చెయ్యడం ఉంటుంది. ఈ సంగతి దాచకూడదు. అందుకే, ‘మా మోడల్ ఇరవయ్యో శతాబ్దాన్ని చక్కగా చూపించింది’ అని ఎవరైనా అంటే నేను సగం మార్కులే వేస్తాను. జవాబు పత్రం ముందే చేతికిచ్చిన పరీక్ష అది. అసలు పరీక్ష ముందే చెప్పి, తర్వాత చూసుకోవడం. అలా చెప్పినవాళ్ళ పాత కాగితాలు ఉన్నాయి కాబట్టి తీసి చూద్దాం.

కంప్యూటరే లేని రోజుల్లో, 1938లో, గై కాలెండర్ అనే ఇంగ్లీషు ఆవిరి ఇంజనీరు 147 కేంద్రాల రికార్డులు పోగేసి, కాగితం మీద చేత్తో లెక్కలు కట్టి, యాభై ఏళ్ళలో నేల సుమారు 0.3 డిగ్రీలు వేడెక్కిందనీ, బొగ్గు కాల్చడం వల్ల గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌కు అందులో పెద్ద వాటా ఉందనీ అన్నాడు. పెద్దలు పెదవి విరిచారు. ఈనాటి రికార్డుల పక్కన పెడితే ఆయన గీత ఆశ్చర్యంగా సరిపోతుంది.

1967లో మనాబే, వెదరాల్డ్ అనే ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు ఒకే ఒక్క గాలి స్తంభాన్ని తీసుకుని లెక్క వేశారు. భూగోళం లేదు, ఋతువులు లేవు, నేల నుంచి పైదాకా ఒక స్తంభం, అంతే. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే కింద రెండు డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుందని తేలింది. నాకు నచ్చింది రెండో మాట. కింద వేడెక్కుతూ ఉంటే పైన ఉండే గాలి పొర, స్ట్రాటోస్ఫియర్, చల్లబడుతుందన్నారు. ఎండ పెరగడం వల్ల వేడెక్కితే పైనా కిందా రెండూ వేడెక్కాలి కదా. అప్పటికి పైన కొలిచే ఉపగ్రహాలు లేవు. 1979 నుంచి కొలుస్తున్నారు, చల్లబడుతూనే వచ్చింది. ఓజోన్ తరగడానికీ అందులో పాలు ఉంది గాని, ఇంకా పైకి వెళ్ళేకొద్దీ కార్బన్ డయాక్సైడ్‌దే పైచేయి. 2021లో మనాబేకు నోబెల్ వచ్చింది, ఆయనకు తొంభై ఏళ్ళప్పుడు.

ఇప్పుడు అందరూ రాళ్ళు వేసే మనిషి, నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్. 1988 జూన్ 23న అమెరికా సెనేట్ కమిటీ ముందు, భూమి వేడెక్కడం మొదలైందని చెప్పాడు. ఆ ఏడాది అచ్చువేసిన పత్రంలో మూడు దారులు గీశాడు. వేడిని పట్టి ఉంచే వాయువులు ఇంతలంతలై పెరిగితే ఒకటి, మధ్యస్థంగా పెరిగితే ఒకటి, గట్టిగా అదుపుచేస్తే ఒకటి. మధ్య దారి పక్కన, తర్వాతి ముప్పై ఏళ్ళలో నిజంగా జరిగింది పెట్టి చూడండి. ఆయన చెప్పిన వేగం నిజానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. తప్పే కదా?

పెళ్ళి వంటవాణ్ణి పిలిచి రెండువందల మంది వస్తారని చెప్పాం. నూటయాభై మందే వచ్చారు. అన్నం మిగిలింది. గుండిగ చూపించి ‘నీకు వంట రాదు’ అంటామా? వంటవాడి లెక్కలో రెండున్నాయి. ఎంతమంది వస్తారన్నది ఒకటి, తలకు ఎంత బియ్యం అన్నది రెండోది. మొదటిది మనం చెప్పింది. రెండోదే అతని విద్య. హాన్సెన్ ఊహించిన అతిథులలో కొందరు రాలేదు. ఫ్రిజ్‌లలో వాడే సీఎఫ్‌సీ వాయువులను 1987 మాంట్రియల్ ఒప్పందం కట్టడి చేసింది, మీథేన్ కూడా ఆయన అనుకున్నంత పెరగలేదు. నిజంగా వచ్చిన అతిథులను లెక్కలో పెట్టి చూస్తే ఆయన మోడల్ పరిశీలనతో సరిపడుతుంది. తలకు బియ్యం కూడా కాస్త ఎక్కువే వేశాడని నా అభిప్రాయం. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 4.2 డిగ్రీలు అన్నది ఆయన మోడల్. ఇప్పుడు అందరూ ఒప్పుకునేది 3 దగ్గర. వంట వచ్చు, చెయ్యి కొంచెం ధారాళం.

1970 నుంచి 2007 దాకా ఇలా ముందుచూపుతో వేసిన 17 లెక్కలను జీక్ హౌస్‌ఫాదర్ అనే వాతావరణ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2019లో తీసి పరీక్షించారు. ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే 10 సరిపడ్డాయి. అతిథుల సంఖ్య సరిదిద్ది పోలిస్తే 14. తప్పినవి ఒకే వైపుకు తప్పలేదు, కొన్ని ఎక్కువ చెప్పాయి, కొన్ని తక్కువ చెప్పాయి. ‘ఎప్పుడూ భయపెట్టడానికి పెంచి చెబుతారు’ అనేవారు ఆ తక్కువ చెప్పినవాటిని ఎక్కడ పెడతారో నాకు తెలియదు.

ఇంకో పరీక్ష ప్రకృతే పెట్టింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో అగ్నిపర్వతం పేలింది. గంధకపు పొగ స్ట్రాటోస్ఫియర్‌దాకా ఎగిసి సూర్యకాంతికి పల్చని తెర కట్టింది. హాన్సెన్ బృందం వెంటనే మోడల్ నడిపి, లోకం సుమారు అర డిగ్రీ చల్లబడి తర్వాత కోలుకుంటుందని అచ్చువేసింది. అలాగే జరిగింది. చల్లబడినప్పుడు గాలిలో నీటి ఆవిరి తగ్గాలని మోడల్ అంటుంది, అదీ కొలతల్లో దొరికింది. ఆ ఆవిరిని లెక్కలోంచి తీసేస్తే చల్లదనం అంత రాదు. ఆవిరి వేడిని రెట్టిస్తుందన్న మాటకు అంతకన్నా మంచి సాక్ష్యం నేను చూడలేదు.

ఇక మన మూడో వరుస మిత్రుడి గ్రాఫుకి దగ్గరవుతున్నాం. 1990లలో నిజంగానే పెద్ద పేచీ వచ్చింది. అమెరికాలోని అలబామాలో రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ అనే శాస్త్రవేత్తలు ఉపగ్రహాల కొలతలతో పై గాలి ఉష్ణోగ్రత కట్టారు. అది పెరగడమే లేదు! మోడళ్ళేమో పెరగాలంటున్నాయి. ఉపగ్రహం అంటే మనకు గురి ఎక్కువ. ఆకాశం నుంచి చూస్తుంది, దానికి పక్షపాతం ఏముంటుంది? కానీ ఉపగ్రహంలో థర్మామీటరు ఉండదు. ఆక్సిజన్ అణువులు వెదజల్లే సూక్ష్మతరంగాలను పట్టి, వాటినుంచి ఉష్ణోగ్రతను లెక్కగడతారు. అంటే అదీ ఒక మోడలే. 1998లో వెంట్జ్, షాబెల్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించిందేమిటంటే, గాలి రాపిడికి ఉపగ్రహం ఏటేటా కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2005లో మరొకటి దొరికింది. ఉపగ్రహం ఒక ఊరి మీదుగా వెళ్ళే వేళ ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది. పొద్దుటి కొలతను సాయంత్రపు కొలతతో పోల్చినట్టవుతుంది. దానికి చేసిన సవరణలో గుర్తు తారుమారైంది, ప్లస్సుకు మైనస్సు. స్పెన్సర్, క్రిస్టీ ఒప్పుకుని దిద్దుకున్నారు, ఆ గీత కూడా పైకి తిరిగింది. నా 43 డిగ్రీలకు ఇప్పుడు కొంచెం ఊరట. (నవ్వులు)

1998 తర్వాత పదిహేనేళ్ళు వేడెక్కడం ఆగిందన్న మాట గుర్తుందా? 1998 పెద్ద ఎల్ నినో ఏడాది, అంటే తూర్పు పసిఫిక్ నీళ్ళు వెచ్చబడి లోకం సగటు పైకెగిరిన ఏడాది. పరుగు లెక్క శిఖరం మీదనుంచి మొదలుపెడితే ఎవరైనా కిందికే కనబడతారు. ఆర్కిటిక్‌లో థర్మామీటర్లు తక్కువ, అన్నిటికన్నా వేగంగా వేడెక్కుతున్నదేమో ఆ ఖాళీయే. ఆ ఖాళీని పూడ్చేసరికి ఆగిందన్నది చాలావరకు కరిగిపోయింది.

అయితే ఆ గ్రాఫు ఏమిటి? అందులో ఉన్నది మనం నిలబడే చోటి ఉష్ణోగ్రత కాదండీ. ఉష్ణమండలం మీద, కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఉండే గాలిది. అక్కడ, దిద్దుబాట్లన్నీ అయ్యాక కూడా, మోడళ్ళు చాలావరకు ఎక్కువే చెబుతున్నాయి. కాబట్టి మీ గ్రాఫు చెప్పిన మాట ఆ మేరకు నిజం. ‘లెక్కలన్నీ తప్పు’ అన్న శీర్షిక మాత్రం నిజం కాదు. నేల మీదా, సముద్రం మీదా సగటు చూస్తే మోడళ్ళ గుత్తి మధ్యలోంచే కొలత నడుస్తోంది.

మోడళ్ళను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021లో ఇచ్చిన నివేదిక కోసం వచ్చిన కొత్త మోడళ్ళలో కొన్ని మరీ వేడివి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఐదు డిగ్రీలు దాటేవి కూడా ఉన్నాయి. అవి గడిచిన దశాబ్దాలనే సరిగా చూపలేదు. ఐపీసీసీ అన్నిటినీ ఒకే గాటకట్టి సగటు తియ్యకుండా, కొలతలతో తూచి, 2.5 నుంచి 4 మధ్య ఉండవచ్చని చెప్పింది. కొత్తదీ పెద్దదీ అయిన మోడల్ మెరుగైనదే అయి ఉండనక్కర్లేదు. ఇందులో పాపం మబ్బులదే.

2023 కూడా ఇబ్బంది పెట్టింది. ఆ ఏడాది లోకం సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికన్నా 1.45 డిగ్రీలు ఎక్కువ, 2024 ఇంకా ఎక్కువ, 1.55. ఎల్ నినో వస్తుందని తెలిసినా 2023 అంత ఎగురుతుందని ముందుగా ఎవరూ చెప్పలేదు. 2020 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5కు తగ్గించారు, ఆ పొగ మసక పలచబడి సముద్రానికి ఎండ ఎక్కువ తగులుతోందని ఒక వాదన, కింది మబ్బులు తగ్గాయని ఇంకొకటి. ఈసారి మోడల్ ఎక్కువ చెప్పి తప్పలేదు, తక్కువ చెప్పి తప్పింది.

ఇక ప్రశ్నలు.

(సభలోంచి ఒకరు: మన దేశంలో ఎండలు మోడళ్ళు చెప్పినట్టే పెరుగుతున్నాయా?)

మంచి ప్రశ్న. మన కేంద్ర ప్రభుత్వ శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచంలో నేల మొత్తం మీద పెరిగినదానికన్నా తక్కువ. దానికి సంతోషించేది ఏమీ లేదు. గంగా మైదానం మీద పొగ మసక సూర్యకాంతికి అడ్డుపడుతోంది. పంటకాలువలు, బోర్లు కలిసి నేలను తడిపి ఉంచుతున్నాయి. తడి నేల మీద ఎండ చాలా శక్తిని నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చుపెడుతుంది, మన గుడ్డ బకెట్టు లాగానే. ఆ పొగను, ఆ సాగునీటిని సరిగా ఎక్కించుకోని మోడల్ మన దగ్గర తప్పుతుంది. పొగ తగ్గితే ఆ దాగిన వేడి బయటపడుతుంది.

(అదే వ్యక్తి: మరి వానల సంగతి?)

అక్కడ నేను మోడళ్ళను తేలిగ్గా నమ్మను. అదే నివేదికలో, 1951 నుంచి 2015 మధ్య నైరుతి వానలు సుమారు 6 శాతం తగ్గాయని ఉంది. వేడెక్కితే వానలు పెరగాలన్నది మోడళ్ళ మాట. పొగ కొంతవరకు కారణం. ఇంకోటి, పసిఫిక్ మహాసముద్రం. భూమధ్యరేఖ దగ్గర దాని తూర్పు భాగం వేడెక్కాలని చాలా మోడళ్ళు చెబుతున్నాయి, గత నలభై ఏళ్ళుగా అది కొద్దిగా చల్లబడింది. ఎల్ నినో పుట్టే చోటు అదే, మన వానల తాళం చెవుల్లో ఒకటి అక్కడే ఉంది. అది తాత్కాలికమైన ఊగిసలాటా, లేక మోడళ్ళన్నీ కలిసికట్టుగా చేస్తున్న పొరపాటా అన్నది నిపుణులే ఇంకా వాదించుకుంటున్నారు. పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళు సొంతంగా ఒక మోడల్ కట్టారు, ఆ 2021 నివేదికకు పంపిన మోడళ్ళలో అదీ ఒకటి. ఋతుపవనాలను దృష్టిలో పెట్టుకుని కట్టింది. సముద్రం లోపల రెండు కిలోమీటర్ల లోతుదాకా మునిగి పదిరోజులకోసారి పైకి తేలి కబురు పంపే ఆర్గో బోయాలున్నాయి, వాటిలో మన దేశం వదిలినవాటి కబుర్లు చేరేది హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కే. ఆ తూర్పు పసిఫిక్ ఎటు తిరుగుతుందో నేనైతే అక్కడ తేలే ఆర్గో బోయాల్లోనే చూస్తాను. అది తేలేదాకా, భూగోళం సగటు ఉష్ణోగ్రత గురించి మోడల్ చెబితే వింటాను, మన మండలంలో 2050 జూలైలో ఎంత వాన పడుతుందని చెబితే మాత్రం ఫోను జేబులో పెట్టేసుకుంటాను.